పూడ్చిన మగ్గం గుంత

అన్నం పెట్టిన కెమెరా మీద ఒట్టు... ఇది కల్పించి చెప్పడం లేదు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఆ రాత్రి ధర్మవరంలో నా కాలు ఎక్కడ పడిందో నాకే తెలియదు, మీకేం చెప్పను?

డిజిటల్ కెమెరాలు ఇంకా మా హిందూపురానికి రాని రోజులు. పెళ్ళిళ్ళ సీజను. పెనుకొండలో రాత్రంతా ఒక పెళ్ళి తీశాను. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. ఇంటికి పోయి పడుకుందామంటే, ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకరు దారిలో పట్టుకున్నాడు.

"ఏమప్పా, ధర్మవరంలో ఒక ఇల్లుండాది. చూసినోళ్ళంతా చీకటి కొంప అని పోతాండారు. నాలుగు మంచి ఫోటోలు తీయి. పిల్లను చూపించాలన్నా, ఇల్లు చూపించాలన్నా ఫోటోనే ముందు."

ఆ ఇల్లు ఓబులేసుది. పట్టుచీరలు నేసేవాడు. చూపు మందగించి, పోగు కనబడక మగ్గం ఆపేశాడు. హిందూపురం బస్టాండు దగ్గర టీ అంగడి ఇస్తానని బామ్మర్ది మాటిచ్చాడు... ఉగాది లోపల డబ్బుతో వస్తేనే. లేకపోతే వేరేవాళ్ళకు. ఇల్లు అమ్ముడుపోతే తప్ప కదలలేడు. ఆయనకూ, భార్య లక్ష్మీదేవికీ మిగిలిన దారి అదొక్కటే.

నేను చేరేసరికి పొద్దు మునిగింది. ఓబులేసు చేతుల నిండా మన్ను.

"మగ్గం ఊడదీసినామప్పా. గుంత కూడా పూడ్చేసినా. నడింట్లో గుంతుంటే ఫోటో ఏం బాగుంటాది?"

గుంతంటే నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే గుంత. అడుగున తొక్కుడు చెక్కలుంటాయి, ఒకటి తొక్కితే ఇంకొకటి లేస్తుంది. అందులో కూర్చుని ఓబులేసు వాళ్ళమ్మ ఒక జన్మంతా నేసింది. ఆమె పోయాక ఈయన. ఇప్పుడు మన్ను పోసి, దిమ్మిస కొట్టి, పైన పేడతో అలికేశాడు. తొక్కి చూశాను. గట్టిగానే ఉంది.

అంతలో కరెంటు పోయింది.

"రేపు తీస్తావా అన్నా?" లక్ష్మీదేవి గొంతు దిగులుగా పలికింది. రేపు నాకింకో పెళ్ళి.

"కరెంటు లేకుంటేనే మేలమ్మా" అన్నాను.

నిజమే. చీకటి ఇళ్ళకు మాకొక పద్ధతుంది. కెమెరాను స్టాండుకు బిగించి, షట్టర్ తెరిచి వదిలేస్తాం. చేతిలో ఫ్లాష్ పట్టుకుని, చీకట్లోనే నడుస్తూ, మూలమూలకూ ఒక్కో మెరుపు కొడతాం. వెలుగు పడినంత మేరకే ఫిల్ముకెక్కుతుంది. వాళ్ళిద్దరినీ వాకిట్లో నిలబెట్టి, తలుపు మూసి, షట్టర్ తెరిచాను.

మొదటి మూల... మెరుపు. బోసి గోడ. రెండో మూల... మెరుపు. ఫ్లాష్ మళ్ళీ నిండేదాకా ఆగాలి. నిండేటప్పుడు సన్నగా కూస్తుంది... కుయ్య్... ఒళ్ళంతా నిద్ర. నిలబడే కునుకు పట్టేలా ఉంది.

మూడో మూలకు బయల్దేరాను. నడింటి మీదుగా. కాలు పెట్టాను...

నేల తగల్లేదు.

కాలు దిగుతోంది... మోకాలి దాకా. పడబోయి చేత్తో తడిమితే గుంత అంచు. పాదం కింద చెక్క. నున్నగా అరిగిన చెక్క. వెచ్చగా ఉంది... ఎవరో అప్పుడే కాలు తీసినట్టు. నా బరువుకు అది మెల్లగా కిందికి పోయింది. పక్కన ఇంకొకటి... నా కాలికి రాసుకుంటూ పైకి లేచింది.

టక్.

మగ్గం లేని ఇంట్లో... టక్.

ఫ్లాష్ నేను నొక్కానో, దానంతటది వెలిగిందో. కళ్ళు బైర్లు కమ్మాయి. తేరుకుని చూస్తే చదునైన నేల మీద నిలబడి ఉన్నాను. ఎలాగో షట్టర్ మూసి, తలుపు తోసుకుని బయటపడ్డాను.

ఓబులేసు లాంతరు పట్టుకుని లోపలికెళ్ళి చూశాడు. అలుకు చెదరలేదు. నా కాలి వేలికి మాత్రం ఒక పట్టు పోగు చుట్టుకుని ఉంది. నేసేవాళ్ళ ఇంట్లో పోగులకేం కరువు... అంతే కదా?

కాలి కింద చెక్క సంగతి చెప్పి, "మగ్గం చప్పుడు వినపడిందా?" అని అడిగాను.

"ఏమీ ఇనపడలేదప్పా. నువ్వు నిద్రమత్తులో ఉండావు."

నేనూ అదే అనుకున్నాను. ఫిల్ము కడిగేదాకా.

ఆ చివరి మెరుపు అంతటా పరుచుకుందేమో, ఇల్లు బ్రహ్మాండంగా వచ్చింది. చీకటి కొంప అని ఎవరూ అనరు. నడింట్లో మాత్రం... నల్లగా, నలుచదరంగా, గుంత. తడి అలుకు మీద వెలుగు సరిగా పడలేదేమో. అయ్యుండొచ్చు. మళ్ళీ పోయి తీసే ఓపిక నాకు లేదు. అలాగే బ్రోకరుకు ఇచ్చేశాను.

కొద్ది రోజులకే గోరంట్ల నుంచి నేతగాళ్ళ జంట ఒకటి వచ్చిందట. తలుపు తీయగానే "గుంత యాడ?" అన్నారట. "ఫోటోలో గుంత చూసే వచ్చినాం. మగ్గం దింపుకునేదానికి సిద్ధంగా ఉండాదని." ఓబులేసు గడ్డపార తెచ్చి తవ్వాడట. తవ్వినంతసేపూ ఏడ్చాడని బ్రోకరు చెప్పాడు.

ఇల్లు అమ్ముడుపోయింది. ఉగాదికి ముందే టీ అంగడి తెరిచాడు. నేను పని ముగించుకుని వచ్చి కూర్చున్నప్పుడల్లా గ్లాసు చేతికిచ్చి అదే అడుగుతాడు.

"ఆ పొద్దు చెక్క చల్లగా ఉన్నిందా, వెచ్చగా ఉన్నిందా అప్పా?"

"వెచ్చగానే ఉండింది."

"అంటే మాయమ్మ అప్పుడే లేసింటాది. నేను మన్ను పోసినాక... యాడికి పోయింటాదప్పా?"

నిద్ర చాలని మనిషి కాలికి ఏదైనా తగలొచ్చు. టీ తాగేసి లేస్తాను. ఎవరైనా చీకటి ఇంటికి ఫోటో తీయమంటే మాత్రం, ఫ్లాష్ పాడైందని చెప్పేస్తున్నాను.