ఐలిఫ్ గొంతు, పదకొండు సెకన్లు

నార్వే ఉత్తరపు కొసన ఉన్న మా స్కార్వోయ్ దీవిలో సున్నివాను ఎరగని గడప లేదు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా చేపల షెడ్డులో కాడ్ చేపలు కోసింది. ఒకరోజు కత్తి జారి ఎడమచేతి రెండు వేళ్లు వంగకుండా పోయాయి. ఆ తర్వాత మునిసిపల్ ఆఫీసులో చేరి కంప్యూటర్ల పని నేర్చుకుంది. పంతొమ్మిదేళ్లుగా ఆమె ఎదుటి బల్ల నాది.

ఆమెకు పని నేర్పినవాడు ఐలిఫ్. నెమ్మదైన మనిషి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల కోసం ఆయన ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. రోజూ ఉదయం తొమ్మిదీ పదికి అది వాళ్లకు ఫోన్ చేసి, ఆయన గొంతుతోనే "శుభోదయం, బాగున్నారా? బాగుంటే ఒకటి నొక్కండి" అని చెప్పి పెట్టేస్తుంది. నొక్కకపోతే నర్సుకు కబురు వెళ్తుంది. ఇలాంటి దాన్ని ఆ పనిలో ఉన్నవాళ్లు ఫంక్షన్ అంటారు. పెళ్లీ పేరంటం కాదు. దానికి సొంత కంప్యూటరంటూ ఉండదు. ఎక్కడో అద్దె యంత్రాల్లో పడి నిద్రపోతుంది, వేళకు లేచి పని చేసి మళ్లీ పడుకుంటుంది.

నాలుగేళ్ల కిందట ఐలిఫ్ పడవ మునిగింది. మనిషి దొరకలేదు. కోడ్ ఉన్న ల్యాప్‌టాప్ కూడా ఆయనతోనే పోయింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. గొంతు మార్చమని ఎవరూ అడగలేదు.

మొన్న మే నెలలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ముసలివాళ్ల చేతికి ఆపదలో నొక్కే మీట ఉన్న పట్టీలు కట్టాలి, ఫోన్లు ఆపేయాలి. ఆ మాట చెప్పడానికి సున్నివా ముందుగా ఎనభై ఏడేళ్ల బోర్గిల్ ఇంటికి వెళ్లింది.

"ఫోన్ తీసేస్తారా? మరి నా మోకాలి సంగతి ఎవరడుగుతారే?" అంది బోర్గిల్.

"మోకాలేంటి పెద్దమ్మా? అది రికార్డు. బాగున్నారా అని అడిగి పెట్టేస్తుంది, అంతే."

"నీకేం తెలుసే పిల్లా! మెట్లెక్కుతున్నావా అని నిన్న కూడా అడిగాడు. ఎక్కట్లేదంటే నాలుగు తిట్టాడు."

ముసలితనం అనుకుని సున్నివా నవ్వుకుంటూ వచ్చేసింది. ఆఫీసుకు వచ్చి ఏ ఫోన్ ఎంతసేపు సాగిందో టెలిఫోన్ వాళ్లు పంపిన జాబితా తీసేసరికి ఆ నవ్వు పోయింది. బోర్గిల్ ఇంటికి వెళ్లిన ఫోన్ నాలుగు నిమిషాలు. పక్కింటికి ఆరు. ఏ ఇంటికి చూసినా అంతే.

ఆ మధ్యాహ్నమే, నల్లటి కమాండ్ తెర తెరిచి, ఫంక్షన్ పేరు టైపు చేసి దాని కోడ్ ఇమ్మని అడిగింది. అవతలి యంత్రం ఒక పొడుగాటి లింకు ఇచ్చింది. పది నిమిషాల తర్వాత అది పనికిరాదు. ఆమె గబగబా జిప్ ఫైలు దించి విప్పింది. నేను కుర్చీ వెనకే నిలబడ్డాను. అరవై రెండు లైన్ల కోడ్. ఒక ఆడియో ఫైలు, పదకొండు సెకన్లది. ఇంకేమీ లేదు. పైగా ముప్పై సెకన్లు దాటితే ఫంక్షన్ దానంతటదే ఆగిపోవాలని ఆయనే పెట్టాడు.

"ఇందులో మోకాలు ఎక్కడుంది?" అన్నాను నవ్వబోయి.

ఆమె ఇంకోసారి దించి రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అక్షరం తేడా లేదు. చివరిసారి మార్చిన తేదీ పడవ మునగడానికి వారం ముందుది.

నంబర్ల జాబితా విడిగా ఉంటుంది. దాని అడుగున ఆమె తన నంబరు చేర్చింది.

మర్నాడు తొమ్మిదీ పదికి ఆమె ఫోన్ మోగింది. ఐలిఫ్ గొంతు శుభోదయం చెప్పింది, బాగున్నారా అని అడిగింది, ఒకటి నొక్కమంది. ఆమె నొక్కలేదు. లైను తెగలేదు. అవతల ఎవరో ఆమె మాట కోసం కాచుకున్నట్టు, గదిలో మనిషి ఉన్నప్పుడుండే నిశ్శబ్దం.  అరనిమిషం ఏమీ మాట్లాడకుండా విని పెట్టేశానని ఆమె నాతో చెప్పింది. టెలిఫోన్ వాళ్ల జాబితాలో ఆ ఫోన్ తొమ్మిది నిమిషాలు ఉంది.

సోమవారం పట్టీలు వచ్చాయి. సున్నివా ఒక్క కమాండుతో ఫంక్షన్‌ను చెరిపేసింది. బుధవారం బోర్గిల్‌కు పట్టీ కట్టడానికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. బోర్గిల్ పొయ్యి దగ్గర చేప వడలు వేయిస్తోంది.

"ఫోన్లు ఆగిపోయాయి కదా పెద్దమ్మా, ఏమనుకోకు," అంది సున్నివా.

"ఆగిపోయాయని ఎవరన్నారే? ఇవాళ కూడా చేశాడు." వడ తిరగేస్తూ సున్నివా వైపు చూసింది. "నువ్వు ఒక్క మాటైనా మాట్లాడకుండా పెట్టేశావట. ఏం, కోపమా అని అడిగాడు, పాపం."

ఆ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆఫీసుకు రాగానే సున్నివా కోడ్ ఇమ్మని అడిగే ఆ పాత కమాండు మళ్లీ కొట్టింది. ఆ పేరుతో ఏ ఫంక్షనూ లేదని జవాబు వచ్చింది. మర్నాడు తొమ్మిది నుంచే ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. మోగలేదు. ఆ తర్వాత ఎన్నడూ మోగలేదు.

"మోగితే ఏం మాట్లాడేదానివి?" అని ఒకసారి అడిగాను.

"ఆయన కోడ్ చాలా బాగుందని చెప్పేదాన్ని," అంది. "ఆయన పక్కనే కూర్చుని పనిచేసిన అన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు."