మామిడికుదురు మాటల పెట్టె

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా ఆడపడుచు మహలక్ష్మి. పలివెలలో మా అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటుంటే వచ్చి, "వదినా, మా శారద నిన్నొకసారి మామిడికుదురు రమ్మంటోంది. కంప్యూటరు చూపిస్తుందట" అంది. శారద ఆవిడ కూతురు. కాకినాడలో చదువుకుని హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. గల్ఫులో ఉన్న భర్తలకి ఇక్కడి ఆడవాళ్ళు తమ గొంతుతోనే కబురు పంపుకునేలా ఒక సాఫ్టువేరు తయారుచేసి, మామిడికుదురులో ఒక ఇంటర్నెట్ సెంటరులో పెట్టింది. సెల్ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజుల మాట ఇది.

"నేనెందుకే? నాకేం తెలుసని?" అన్నాను.

"ఏమీ తెలీని మనిషే కావాలట వదినా. ఊరంతా వెతికితే నువ్వు దొరికేవు" అని పకపకా నవ్వింది.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే పలక మీద దిద్దించేరు. ఆ నాలుగు ముక్కలు పెట్టినందుకు ఆయనకి రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అలాంటి నాకు తెలియకపోవడం కూడా ఒకరికి పనికొస్తుందంటే చిత్రంగా తోచి, సరే వెళ్దామనిపించింది.

ఆ రోజు శుక్రవారం. కొప్పులింగేశ్వరస్వామి దర్శనం చేసుకుని ఏడు గంటల అమలాపురం బస్సెక్కేను. మావారు రోడ్డు దాకా వచ్చి, "అంబాజీపేటలో దిగి గన్నవరం మీదుగా రాజోలు వెళ్ళే బస్సు పట్టుకో. తాటిపాక సెంటర్లో దిగితే ఆటోలుంటాయి" అని చెప్పిందే చెప్పి పంపించేరు. వెళ్ళదలచినవారు అంబాజీపేటలో ఫలహారం చేసేస్తే మంచిది. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు పొగలు కక్కుతూ దొరికేయి. రెండో బస్సులో కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. దేవుడి దయ.

గన్నవరం అక్విడక్టు వంతెన మీద వైనతేయ గోదావరికి నమస్కారం పెట్టుకుంటుంటే, వెనక సీట్లో కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన పలకరించేరు.

"ఎందాకండీ?"

"మామిడికుదురండి. కంప్యూటరు చూడ్డానికి."

"చూడండి గానీ ముట్టుకోకండి. మా మేనల్లుడు ఏదో మీట నొక్కితే లోపలున్నదంతా పోయిందంటండి. ఆ సెంటరాయన ఇంటికొచ్చి మరీ తిట్టేడు."

నాకు తెలియకుండానే చేతులు రెండూ పమిటలోకి లాక్కున్నాను.

పది దాటేక చేరేను. ఎరువుల కొట్టు పక్కన చిన్న గది అది. బయట బల్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. లోపల తెర చాటున కంప్యూటరు. మీటల పలక మీద శారద చెక్కమూత బిగించింది. మూతలోంచి రెండే మీటలు పైకి కనిపిస్తున్నాయి, ఒకటి ఆకుపచ్చది, ఒకటి ఎర్రది.

"మిగతావన్నీ కనబడితే భయపడతారని మూసేశాను అత్తయ్యా. ఇవి ఎన్నిసార్లు నొక్కినా ఏదీ పాడవ్వదు" అంది. కొబ్బరికాయలాయన మాట చెబితే నవ్వలేదు. "అదే, ఆ భయమే పోవాలి" అని మూత సర్దుకుంది. పిల్ల ముఖం వాడిపోయి ఉంది. వారం నుంచీ ఆడవాళ్ళు వస్తున్నారట, తెర వెనక్కి వెళ్తున్నారట, ఒక్కమాటైనా మాట్లాడకుండా బయటికొస్తున్నారట. మైకు అంటే బెదురనుకుని చిన్న మైకు తెచ్చింది. కంప్యూటరు గొంతు అర్థం కావట్లేదనుకుని నెమ్మదిగా మాట్లాడించింది. అయినా అంతే.

బల్ల చివర కూర్చున్న సత్యవతి నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టుకుంది. పాతికేళ్ళుంటాయేమో. భర్త మస్కట్లో తాపీపని చేస్తాడు.

"రేపు పొద్దున్న కంపెనీలో ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టాలండి ఆయన. ఈలోగా నేనొక మాట చెప్పాలండి" అంది.

"ఫోను చెయ్యకపోయావా?"

"ఎస్టీడీ బూతులో మా మావగారు పక్కనే నిలబడతారండి. ఉత్తరమంటే నాకు రాయడం రాదు, ఎదురింటి పిన్నిగారికి చెప్పి రాయించాలి. ఆ మాట ఇంకోళ్ళ ముందు చెప్పేది కాదండి."

తాను పక్కనుండి మీటలు నొక్కుతానని శారద అన్నదట. "మీరున్నా వద్దండి" అని ఈ పిల్ల పొద్దున్నించీ అలాగే కూర్చుంది.

నా వంతు వచ్చింది. తెర వెనక్కి వెళ్ళి, స్వామిని తలుచుకుని ఆకుపచ్చ మీట నొక్కేను. పెట్టెలోంచి మా మహలక్ష్మి గొంతు! "ముందుగా మీవారి పేరు చెప్పండమ్మా" అంది. తెలిసిన గొంతైతే బెదరరని శారద వాళ్ళమ్మ చేతే చెప్పించిందట. నేను నాలిక కరుచుకున్నాను. "పేరు చెప్పండమ్మా" అని మళ్ళీ అడిగింది. చెప్తేనే గానీ ముందుకి కదలదు. అక్కడ గల్ఫులో ఏ కబురు ఎవరికో తెలియాలి కదా.

శారద తెర తీసింది. "ఏం అత్తయ్యా, మావయ్య పేరు మర్చిపోయావా?"

"మర్చిపోవడమేంటే! ఎలా చెప్పనే? అందులోనూ మీ అమ్మ అడుగుతుంటే!"

బల్ల మీద వాళ్ళు గొల్లున నవ్వేరు. "పెద్దావిడా చెప్పలేదండోయ్!" అంది సత్యవతి.

శారద వాళ్ళందరి వంకా చూసింది. "మీరందరూ ఇందుకేనా?"

"ఆయ్."

"మరి నాతో ఒక్కరూ అనలేదేం?"

"తెలిసే అడుగుతున్నారనుకున్నామండి. మమ్మల్ని ఏడిపిస్తున్నారనుకున్నాం" అంది ఒకావిడ. సత్యవతి అందుకుంది: "అయినా ఆ పెట్టె నాకేమవుతుందండి, దాని ముందు ఆయన పేరెత్తడానికి?"

ఇంట్లో వాళ్ళమ్మా, నేనూ భర్తని పేరుపెట్టి పిలవం అని శారదకి తెలియకేం. తెలిసిన సంగతే పనిలో కూర్చునేసరికి గుర్తురాలేదు, అంతే. నుదురు కొట్టుకుంది. తర్వాత తనే నవ్వింది. "పోనీ, పేరొద్దు. ముఖం చూపిస్తే గుర్తుపడతారుగా?"

ఎందుకు గుర్తుపట్టం! చిన్న పర్సుల్లోంచి పాస్‌పోర్టు ఫొటోలు బయటికొచ్చేయి. వీసాకని తీయించినవాటిలో ఒకటి దాచుకోని భార్య ఆ బల్ల మీద లేదు. శారద వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటరులోకి ఎక్కించింది. ఆకుపచ్చ మీట నొక్కితే ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. మీ ఆయన ఫొటో వచ్చినప్పుడు ఎర్రది నొక్కి మాట్లాడ్డమే. అయిపోయేక మళ్ళీ ఎర్రది నొక్కితే కబురు వెళ్ళిపోతుంది. చెప్పడానికి ఇంతే గానీ అది అమర్చేసరికి మధ్యాహ్నం మూడయింది. సెంటరు వాళ్ళు తెప్పించిన క్యారేజీలో పనసపొట్టు కూర నేనే కలిపి, ముద్దలు చేసి శారదకి అందించేను. కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే తింది.

సత్యవతి లోపలికి వెళ్ళింది. తెర పడింది. శారద బయట నా పక్కన కూర్చుంది. లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. "తప్పు నొక్కిందేమో, చూసొస్తాను" అని లేవబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపేను. ఇంతలో మీట చప్పుడు, వెనకే సన్నగా మాట. బల్ల మీద వాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఒకరితో ఒకరు గట్టిగా కబుర్లు మొదలెట్టేరు, లోపలి మాట చెవిన పడకూడదని. ఎంత మంచివాళ్ళో అనిపించింది.

బయటికొచ్చినప్పుడు సత్యవతి ముక్కు ఎర్రబడి ఉంది. "వెళ్ళిందాండి?"

"వెళ్ళింది. ఆయన వింటే ఫొటో చుట్టూ పచ్చగీత వెలుగుతుంది" అంది శారద.

శుక్రవారం మస్కట్లో సెలవు కదా, తన గది దగ్గరి ఇంటర్నెట్ సెంటరులో కనిపెట్టుకుని ఉంటానని సత్యవతి భర్త ముందే ఫోనులో చెప్పేడట. నేను బయలుదేరబోతుండగా గీత వెలిగింది. కాసేపటికి ఆరింది. మళ్ళీ వెలిగింది. "మళ్ళీ పెట్టుకుని వింటున్నారు" అని శారద నెమ్మదిగా అంది. సత్యవతి ఆ ఫొటోకేసి చూస్తూ పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది.

అయిదు దాటేక తాటిపాకలో బస్సెక్కేను. మామిడికుదురు నుంచి అంతదాకా సత్యవతి నాతోనే ఆటోలో వచ్చింది. బస్సు కదులుతుంటే కిటికీ పట్టుకుని, "నా మాట నేనే చెప్పుకున్నానండి" అంది. గన్నవరం దగ్గర వైనతేయ మీద ఎర్రటి ఎండ పడుతుంటే మళ్ళీ నమస్కారం పెట్టుకున్నాను. నాకు అక్షరం పెట్టిన నాన్నగారికీ, అక్షరం రానివాళ్ళ కోసం అంత తంటాలు పడ్డ శారదకీ కలిపి.

మస్కట్లో ఆయన సంతకం పెట్టేరో లేదో నాకు తర్వాత తెలిసింది. అది చెప్పుకోవలసింది సత్యవతి, నేను కాదు. ఇంత దూరం నాతో వచ్చిన మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. మీ ఇంట్లో దీపం పెట్టుకున్నప్పుడు ఆ పిల్లని ఒకసారి తలుచుకోండి. సత్యవతి అన్నది నేను పెట్టిన పేరు. ఫరవాలేదు, దేవుడూ పేరు అడగడనుకుంటాను.