సామ్యేలు చేసుకున్న పీట

మా తమ్ముడు సామ్యేలు నర్సీపట్నంలో ముప్పై ఏళ్ళుగా మోటార్లకి వైండింగ్ చేస్తున్నాడు. కాలిపోయిన మోటారు తెస్తే లోపలి రాగితీగంతా పీకేసి, కొత్తది చుట్టి, మళ్ళీ నీళ్ళు తోడేలా చేసి పంపిస్తాడు. గొలుగొండ నుంచి నాతవరం దాకా ఏ రైతుని అడిగినా సామ్యేలు చేతిలో పడిన మోటారుకి ఢోకా లేదంటారు. అది నేనూ ఒప్పుకుంటాను. నాకు ఒళ్ళు మండేది ఇంకొకందుకు. ఈ ముప్పై ఏళ్ళలో తన షాపులో తను కూర్చోగా నేను చూడలేదు.

కుర్చీల్లేక కాదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, రెండు స్టూళ్ళున్నాయి. కుర్చీలో పదింటికల్లా ప్రభుకుమార్ మాస్టారు దిగుతారు. ఆయన రిటైరై పన్నెండేళ్ళయింది. పేపరు కొనరు. మావాడి షాపుకొచ్చే పేపరు తీసుకుని మొదటి పేజీ నుంచి శ్రద్ధాంజలి ప్రకటనల దాకా నమిలి, ఒంటిగంటకి లేస్తారు. స్టూళ్ళ మీద మోటారు తెచ్చినవాళ్ళు, మోటారు లేకపోయినా వచ్చినవాళ్ళు, తుని రోడ్డులో ఆటో కోసం చూసి చూసి కాళ్ళు లాగినవాళ్ళు. వీళ్ళందరి మధ్యా షాపు ఓనరు నిలబడి ఉంటాడు. స్టూలు ఖాళీ అయినా కూర్చోడు. "ఇప్పుడే ఎవరో ఒకరొస్తారక్కా, మళ్ళీ లెగడం ఎందుకు" అంటాడు. అదేదో గొప్ప తెలివి అన్నట్టు చెప్తాడు మళ్ళీ.

నేను కృపాజ్యోతిని. ముప్పైనాలుగేళ్ళు ఏఎన్ఎమ్‌గా చేశాను. ఏజెన్సీలో కొండలెక్కి పిల్లలకి సూదులేశాను, ఆలస్యంగా వచ్చిన డాక్టర్లని మొహం మీదే అడిగేశాను. నా నోరు మంచిది కాదని మా చర్చిలో పాస్టరు గారితో సహా అందరికీ తెలుసు. మంచి నోరున్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఒక్కరైనా మా తమ్ముడికి కూర్చోమని చెప్పారా అంటే లేదు.

వాడికి సుగరు తొమ్మిదేళ్ళ నుంచీ ఉంది. పోయినేడు ఎడమకాలి అడుగున, బొటనవేలి మొదట్లో పొక్కు లేచింది. పొక్కు పుండయింది. మా మరదలు ప్రేమజ్యోతికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి కట్టు మార్చే పని నా నెత్తిన పడింది. ఇంటికొచ్చి మార్పించుకోరా అంటే పనుందంటాడు. అంచేత రోజూ పన్నెండింటికి మందుల డబ్బా పట్టుకుని షాపుకి నేనే వెళ్తాను. ఆ గంటసేపు మాస్టారు కుర్చీ నాకొదిలి స్టూలు మీదకి మారతారు. అది ఆయన త్యాగం.

మానకపోతుంటే విశాఖపట్నం తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు నాన్చకుండా చెప్పాడు. "ఈ కాలు నేలకి ఆనించకూడదు. కూర్చునే ఉండాలి, కాలు ఎత్తి పెట్టుకోవాలి. రెండు నెలలు చూస్తాను. పుండు ఎముకదాకా వెళ్తే ముందు వేళ్ళు తీస్తాను, తర్వాత పాదం." పక్కకి చూస్తే మావాడు అసలు వినడం లేదు. అద్దం తలుపవతల రక్తపరీక్షల గదిలోకి మెడ చాచి చూస్తున్నాడు. అక్కడ పరీక్ష చేసే అమ్మాయి బల్లకింద నుంచి ఒక పీట బయటికి తిప్పి కూర్చుంది. పనయ్యాక మోకాలితో తోస్తే అది మళ్ళీ బల్లకిందకి పోయింది. "సూసావా అక్కా, బలే సేసారు. పైకి కనబడదు, దారికి అడ్డం రాదు" అన్నాడు. పాదం తీసేస్తామంటున్న మనిషి ఎదురుగా కూర్చుని వాడు చూసినది అది.

అయినా నేనూ ఆశపడ్డాను. వాడి పనిబల్ల మిషన్ కాంపౌండులో పాత సామాను అమ్మేసినప్పుడు కొన్నది. ఏ దొర ఎత్తు చూసి కొట్టించారో గాని నా నడుం దాటి ఉంటుంది. మామూలు స్టూలు మీద కూర్చుంటే గడ్డం బల్లకి తగులుతుంది. బల్లకే ఎత్తైన పీట ఉంటే ఇంకే వంకా పెట్టలేడు. పైగా ఆ పీట బల్లని వదిలి రాదు, ఎవరూ లాక్కుపోలేరు.

మర్నాడే మావాడు చిట్టిరాజు వెల్డింగ్ షాపుకి పోయాడు. మూరెడు ఇనప గొట్టం కోయించి, ఒక కొసకి టేకుచెక్క బిగించి, రెండో కొసకి బందు వేసి బల్లకాలికి తగిలించాడు. ఒకటే బందు. ఒక్క బందుతో గేటు నిలవదని ఈ ఊళ్ళో గేదెలు కాసేవాడికి కూడా తెలుసు. వీడికి తెలీక కాదు, తన కోసమే కదా అని ఒకదానితో సరిపెట్టాడు. రైతు మోటారైతే వార్నిష్ మూడు పూతలేసి, ఎండలో పెట్టి, మళ్ళీ నాలుగో పూత వేసే మనిషి. కూర్చోగానే గొట్టం వాలిపోయి, పీట ఏటవాలైపోయి, మావాడు రాగి తుక్కులోకి జారాడు. మాస్టారు పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నారు.

రెండోసారి చిట్టిరాజే పూనుకున్నాడు. "నీకు సేతకాదు గాని పక్కకి జరుగు" అని కిందొకటి పైనొకటి రెండు బందులేశాడు. గొట్టం కింద ఏటవాలుగా ఊతం పెట్టాడు. అంతా బానే ఉంది గాని ఈసారి బరువుకి బల్లకాలే మెలితిరిగింది. మూడోసారి ఆ కాలిని ఇనపబద్దతో నేలలోకి బోల్టులేసి బిగించారు. ఎడమకాలు చాపుకోడానికి బల్ల కింద ఒక పలక కొట్టారు. చిట్టిరాజు నూటపది కేజీల మనిషి. పీట మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూశాడు. చెక్కుచెదరలేదు. ఆ సాయంత్రం సామ్యేలు ఫోనులో ఈ కబురంతా చెప్తుంటే, పోన్లే, బుద్ధొచ్చింది అనుకున్నాను.

మర్నాడు పన్నెండింటికి డబ్బాతో వెళ్ళాను. పీట బయటికి తిప్పి ఉంది. దాని మీద ప్రభుకుమార్ మాస్టారు కూర్చుని, మావాడి పుండుకాలి కోసం కొట్టిన పలక మీద చెప్పుల కాళ్ళు పెట్టుకుని పేపరు చదువుతున్నారు. మావాడు నిలబడి తీగ చుడుతున్నాడు.

"ఏటిరా ఇది?" అన్నాను.

"పీటక్కా."

"అది నాకూ కనబడతంది. మాస్టారెందుకు కూకున్నారని అడుగుతున్నాను."

"కుర్చీ, స్టూళ్ళు నిండిపోయాయక్కా. ఆయన్ని నించోబెడతామేటి?"

మాస్టారు కదల్లేదు. "చాలా హాయిగా ఉందమ్మా కృపా. మనవాడి పనితనమే వేరు" అన్నారు.

"మాస్టారూ, అది కాలు కుళ్ళుతున్నవాడి కోసం చేసిన పీటండీ. మీకేటి కుళ్ళింది?" అన్నాను. ఆయన లేచారు. ఆ రోజు శ్రద్ధాంజలి ప్రకటనలు చదవకుండానే వెళ్ళిపోయారు.

అప్పుడు చూశాను పీట ఎక్కడ బిగించారో. బల్లకి రెండు కాళ్ళు గోడవైపు, రెండు కాళ్ళు రోడ్డువైపు. గోడవైపు కాలికి బిగిస్తే పీట వాడు పనిచేసే సందులోకి తిరుగుతుంది, అక్కడికి ఇంకొకరు రాలేరు. వీడు రోడ్డువైపు కాలికి బిగించాడు. వచ్చినవాళ్ళకి ఎదురుగా, రండి కూర్చోండి అన్నట్టు. చిట్టిరాజు అడిగాడట కూడా, ఇటేటి అని. ఇటే అన్నాడట.

"లోపలిపక్క బిగిస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు గదక్కా" అన్నాడు నాతో.

"ఎవరికీ అంటే ఎవరికిరా?"

వాడు ఆలోచించాడు. తీగ చేతిలో పట్టుకుని నిజంగానే ఆలోచించాడు. ఆ 'ఎవరికీ'లో తనూ ఉన్నాడని వాడికి అప్పటిదాకా తట్టలేదు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. యాభైనాలుగేళ్ళవాడు కాబట్టి ఆగాను. "రేపటికి ఈ పీట అటుపక్కకి మారకపోతే డబ్బా ఈ బల్ల మీద పారేసి పోతాను. నీ పుండు నువ్వే కడుక్కో" అని చెప్పాను.

వాడి జబ్బు కాలికి కాదని నాకు తెలుసు. గొలుగొండ దగ్గర మా పల్లెలో మా నాన్న రైతుల కళ్ళాల్లో పనిచేసేవాడు. ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. ఏ రైతింటి అరుగు మీదా మా నాన్న కూర్చోగా మేం చూడలేదు. ఎండలో నిలబడి మాట్లాడేవాడు, తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకునేవాడు. దారిలో మేం ఎక్కడైనా కూర్చుని ఆడుకుంటుంటే, ఎవరైనా వస్తున్నారంటే చాలు, మోచేయి పట్టుకుని లేపేవాడు. మా అమ్మ దాన్ని మర్యాద అని నేర్పింది. సామ్యేలు బుద్ధిగా నేర్చుకున్నాడు. ఐటీఐ చదివాడు, షాపు పెట్టాడు, బోర్డు మీద తన పేరు రాయించుకున్నాడు. ఆ బోర్డు కింద మాత్రం మా నాన్నలాగే నిలబడ్డాడు.

పీట మారింది. మర్నాటి నుంచి వాడు కూర్చున్నాడు కూడా. కూర్చుని ఏం లాభం, ఎవరు గుమ్మంలోకొచ్చినా లేస్తాడు. మోకాలితో పీట లోపలికి తోస్తాడు, పుండుకాలు నేలకి ఆనించి "రండి" అంటాడు. వాళ్ళు కూర్చున్నాక మళ్ళీ పీట లాక్కుంటాడు. ఒకరోజు గంటసేపు కూర్చుని లెక్కపెట్టాను. పదకొండుసార్లు లేచాడు. అందులో ఒకసారి ఆర్టీసీ కాంప్లెక్సుకి దారెటని అడిగినవాడికి లేచాడు. అంత కష్టపడి చేసిన పీట వాడి కాలికి వ్యాయామం అయిందంతే.

"ఎందుకు లెగుస్తన్నావురా?"

"మర్యాదక్కా."

"మర్యాద కాదు. బయం."

"నువ్వు సెప్పడం సులువక్కా. నీకు గవర్నమెంటు కుర్చీ ఇచ్చింది" అన్నాడు. వాడు నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆ రోజు కట్టు కొంచెం బిగించే కట్టాను.

నెల దాటింది. రేగుపండంత ఉన్న పుండు మానలేదు సరికదా ఇంకా తెరుచుకుంది. ఒక బుధవారం కట్టు విప్పి, దూదిపుల్ల పెట్టి చూస్తే లోపల గట్టిగా తగిలింది. ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో ఆ తగలడం నాకు బాగా తెలుసు. "ఇదిగో, ఎముక దగ్గరకొచ్చేసింది. ఇంకొక్క వారం ఇలాగే లెగుస్తూ ఉండు, తర్వాత లెగడానికి కాలే ఉండదు" అన్నాను. కసురుకుందామనే అన్నాను గాని బతిమాలినట్టు వచ్చింది. వాడు కాలు కడిగించుకుని, పలక మీద పెట్టుకుని, పెద్ద మోటారొకటి ముందుకి లాక్కుని తీగ దూర్చడం మొదలెట్టాడు. నేను కుర్చీలో కూర్చుని కొత్త కట్టుకి దూది తుంపుతున్నాను.

అప్పుడొచ్చారు గంగులు గారు. మా పల్లె పెద్దరైతు. మా నాన్న పనిచేసింది వాళ్ళ నాన్నగారి కళ్ళంలోనే. మనిషి చెడ్డవాడని నేను చెప్పను. మా నాన్న పోయినప్పుడు వచ్చి చర్చి బయట నిలబడ్డారు. ఎవర్నీ లేచి నిలబడమని ఆయన ఎన్నడూ అనలేదు. అనే అవసరం ఎప్పుడూ రాలేదు.

"రండి బాబూ" అన్నాడు సామ్యేలు.

పీట కిర్రుమంది. వాడి ఎడమకాలు పలక మీంచి కిందకి జారింది. మడమ నేలకి జానెడు దూరంలో ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. అక్కడే ఆగింది. ఎంతసేపు ఆగిందో నాకు తెలీదు. మళ్ళీ పైకెళ్ళి పలక మీద కూర్చుంది.

"మీ మోటారు రేపు మధ్యాన్నానికి అవుద్దండి" అన్నాడు.

గంగులు గారు గుమ్మంలోనే ఉన్నారు. ఏదో జరగాల్సింది జరగలేదని ఆయనకి తెలుస్తోంది, ఏమిటో తెలీడం లేదు. కాసేపటికి పుండుకాలు కనబడింది. మొహం తేటపడింది. "అయ్యో, కాలు బాగోలేదా సామ్యేలూ? అందుకే లెగలేకపోతన్నావా?" అన్నారు. ప్రేమగానే అడిగారు.

అవునండీ అంటే సరిపోయేది. అందులో అబద్ధం కూడా లేదు. అనెయ్యరా అని నేనే లోపల్లోపల అనుకున్నాను.

"కాలు వల్ల గాదండి" అన్నాడు మా తమ్ముడు. "పనిలో ఉన్నాను. కూకునే సేసుకుంటాను." అని తల దించి తీగ సర్దుకున్నాడు. తీగ రెండుసార్లు తప్పి మూడోసారి దూరింది.

"మంచిది, అలాగే కానీ" అన్నారు గంగులు గారు. ఆయనేమీ కోప్పడలేదు. లోపలికొచ్చి అటూ ఇటూ చూశారు. ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా కనబడింది. పంచె సర్దుకుని కూర్చున్నారు.

అది నేను కూర్చున్న కుర్చీ. మందుల డబ్బా చంకలో పెట్టుకుని, చేతిలో దూదితో, నేను గోడవారన నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకు తెలీదు.

సామ్యేలు చూశాడు. పీట మీంచి కదలకుండా, కుడికాలితో స్టూలు నా వైపు తోసి, "కూకో అక్కా" అన్నాడు.

కూర్చోడానికి నాకు కొంచెం సేపు పట్టింది.