మా అత్త అమ్మిన నవల

యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, నూలు దొరకదు, కాగితం అసలే దొరకదు. అటువంటి కాలంలో సిద్దిపేటలో ఒక సాలెవారి కోడలు కూర్చుని నవల రాసింది. ఆ కోడలిని నేనే. ఇప్పుడు చెప్పుకుంటే ముచ్చటగానే ఉంటుంది. అప్పుడు మాత్రం తిన్నది ఒంటికి పట్టలేదు.

ఊళ్లో బడి చదువంతా ఉర్దూ. నాకు తెలుగు నేర్పింది మా బాపు. పెళ్లై వచ్చాక కూడా, పొయ్యి దగ్గర పని తెమిలితే చాలు, మగ్గం పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. కథ పెద్దదేం కాదు. మొగుడి బాధలు పడలేక ఒక ఇల్లాలు తల్లిగారింటికి వెళ్లిపోతుంది. చివరికి అతడు మారిపోయి వస్తాడు, ఆమె అతడి కాళ్లకు మొక్కి వెంట వెళుతుంది. ఆ ఆఖరి ప్రకరణం ఏడుస్తూ రాశాను. అంత గొప్పగా కుదిరిందని నా నమ్మకం.

మా ఆయన బట్టల దుకాణంలో గుమాస్తా. సరుకుకని హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక అచ్చాఫీసులో అడిగి వచ్చాడు. ఆ యజమాని దగ్గర కొంచెం కాగితం ఉందట. దీపావళి దాకా ఆపుతాడట. అప్పటికి సగం సొమ్మూ, పూర్తి రాతప్రతీ చేతికి రాకపోతే పంచాంగం వేసేవాళ్లకు ఇచ్చేస్తాడట. నాకు ఒళ్లు మండింది. ఏటేటా అవే తిథులు, అవే వర్జ్యాలు. వాటి కోసం నా పుస్తకం ఆగిపోవాలా అని మా ఆయనతో పోట్లాడాను, పంచాంగం ఆయనే రాసినట్టు.

సొమ్ముకు ఒకటే దారి. పుస్తకం రాకముందే చందాలు తీసుకోవడం, ఇచ్చిన వాళ్ల పేర్లు చివర అచ్చు వేయించడం. అప్పట్లో రాసేవాళ్లు చాలామంది అట్లాగే వేయించుకునేవాళ్లు. కానీ తిరిగేదెవరు? కొత్త కోడలు ఇల్లిల్లూ తిరిగితే వాడ ఊరుకోదు. మా ఆయన నోరు తెరిస్తే గజం ధర తప్ప ఇంకో మాట రాదు. పైగా "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వాడు.

"నేను పోత," అంది మా అత్త.

ఆమెకు అక్షరం రాదు. కానీ రాట్నం మీద నేతకు నూలు కండెలు చుట్టి మగ్గాలున్న ఇళ్లకు ఇచ్చి రావడం ఆమె రోజూ చేసే పని. ఆమె ఎరగని వాకిలి సిద్దిపేటలో లేదు. అంగడి రోజున కొండపాక వాళ్లనూ మిరుదొడ్డి వాళ్లనూ పేరు పెట్టి పిలిచేది. ఒక మధ్యాహ్నం నాతో కథంతా చెప్పించుకుంది. కండెలు చుడుతూ విన్నది, ఒక్క ప్రశ్న వేయలేదు. మర్నాడు గంప ఎత్తుకుని బయలుదేరింది.

ఇక నా అవస్థ చూడాలి. ఆమె గడప దాటిన దగ్గర్నుంచి కాలు గాలిన పిల్లిలా ఇంట్లో తిరిగేదాన్ని. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. నా పుస్తకం ఎక్కడో ఎవరి అరుగు మీదో నడుస్తోంది, నేను ఇక్కడ చాటలో రాళ్లు ఏరుతున్నాను. ఆమె రాగానే నీళ్లయినా ఇవ్వకుండా అడిగేదాన్ని.

"ఏమన్నరు అత్తమ్మా?"

"ఏమంటరు. ఇన్నరు."

"ఇని?"

"జర కాళ్లు కడుక్కోనియ్యి పిల్లా."

విన్నవాళ్లు ఊరికే వినలేదు. ఇంటికి జొన్నలు వచ్చాయి, చింతపండు వచ్చింది, ఒకరు నేసిన తువ్వాల ఇచ్చారు. రొక్కం ఇచ్చినవాళ్లు తక్కువ. మా ఆయన వాటిని అంగట్లో అమ్మి సొమ్ము చేసేవాడు. చదువు రానివాళ్లు పుస్తకం ఏం చేసుకుంటారని అడిగితే మా అత్త తొణకలేదు. "నువ్వే వచ్చి సదివి ఇనిపిస్తవని చెప్పిన" అంది. నన్ను అడగకుండానే నన్ను కూడా అమ్మేసిందన్నమాట. అయినా సరే అనుకున్నాను. పుస్తకం వస్తే చాలు, ఊరంతా తిరిగి చదువుతాను.

బతుకమ్మ పండుగ ముందు ఒక పొద్దున కొండపాక నుంచి ఒకామె పెసల మూట పట్టుకుని వచ్చింది. మా అత్త ఇంట్లో లేదు. మూట నా చేతికిచ్చి, పోకుండా నిలబడింది.

"నువ్వేనా బిడ్డా రాసింది?"

"అవును."

"గా పిల్ల మొగన్ని ఎల్లగొట్టి మంచిగ జేసింది. మల్ల గిట్ల రాడు గదా వాడు?"

నాకు అర్థం కాలేదు. "ఎవరు ఎల్లగొట్టిన్రు?"

"గదే, మొగడు వచ్చి వాకిట్ల నిలబడితె రాను పొమ్మన్నది గదా. సొంతంగ ఇల్లు జూసుకొని మగ్గం పెట్టుకున్నది గదా. మీ అత్తనే చెప్పింది."

నా నవలలో మగ్గమే లేదు.

మా అత్త వచ్చేదాకా నేను కూర్చోలేదు. వచ్చాక అరిచాను. అత్త మీద గొంతెత్తడం నా జన్మలో అదే మొదలు. నేను రాసింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి, పుస్తకం వచ్చాక నా మొహాన కొడతారు, ఎవరి కథకని చందాలిచ్చారు వాళ్లు, అన్నీ వాపసు ఇచ్చేయాలి, ఇలా నోటికి వచ్చిందల్లా అన్నాను. ఆమె తాపీగా గంప దించింది.

"మొదటింట్ల నువ్వు చెప్పినట్టె చెప్పిన. కాళ్లు మొక్కి ఎంటవోయింది అనంగనే ఆడోళ్లు లేచి పోయిన్రు. గిది మా ఇండ్లల్ల రోజు ఉన్నదే, దీనికి జొన్నలెందుకియ్యాలె అన్నరు. గందుకే మార్చిన."

"నీ ఇష్టమచ్చినట్టు మారుస్తవా? గది నా పుస్తకం."

"నీదే. ఎవరు కాదన్నరు?" అని రాట్నం ముందు కూర్చుంది.

ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. ఇంట్లో రాట్నం చప్పుడు, నా గిన్నెల చప్పుడు, అంతే. మా ఆయన ఇద్దరి మధ్యా పిల్లిలా నడిచి దుకాణానికి పోయేవాడు. దీపావళి ముంచుకొస్తోంది. చందాలు వాపసు ఇస్తే అచ్చు లేదు. ఇవ్వకపోతే, నేను రాసింది చదవడానికి ఏ మొహంతో ఆ ఇళ్లకు వెళ్లాలి? మగ్గం పెట్టుకున్న ఇల్లాలిని రాద్దామని కూర్చుంటే కలం కదలలేదు. ఆఖరికి నేనే దిగాను. ఒక మధ్యాహ్నం వెళ్లి రాట్నం దగ్గర కూర్చున్నాను.

"వాణ్ని పొమ్మన్నంక గామె ఏం చేసింది అత్తమ్మా? ఎట్ల బతికింది?"

ఆమె దారం తెంపి కండె పక్కన పెట్టింది.

"మీ మామ కొట్టిండని నేను గూడ ఒకపారి తల్లిగారింటికి పోయిన. కడుపుల నీ మొగడున్నడు. జర జాగ ఇయ్యి, మగ్గం పెట్టుకుంట అని మా అన్ననడిగిన. ఇచ్చేటోడే. గంతల్నే మీ మామ వచ్చి వాకిట్ల నిలబడిండు. అందరు ఆయనెంట పొమ్మన్నరు. వచ్చిన."

ఇంకో కండె తీసి రాట్నానికి ఎక్కించింది.

"గా వాకిలి దాకనే నాకు తెలుసు. రాను పొమ్మన్నంక ఏమైతదో నాకెట్ల తెలుస్తది? నువ్వు రాసి సదివితె ఇంట."

ఆ మాటకు నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాళ్లు మొక్కించి ఏడ్చి, ఎంత గొప్పగా రాశాననుకున్నాను. అదంతా బతికిన మనిషి నా పక్కనే కూర్చుని కండెలు చుడుతూ విన్నది. ఒక్క ప్రశ్న వేయలేదు.

రాశాను. రాసి చింపాను, మళ్లీ రాశాను. ఇల్లాలికి ఊరి చివర ఒంటి దూలం ఇల్లు ఇచ్చాను, గుంట మగ్గం వేయించాను. చుట్టుపక్కల వాళ్ల చేత మాటలు అనిపించాను, ఎందుకంటే అనకుండా ఉండరు. మొదటి చీర కోసి మగ్గం మీంచి దించి మడత పెట్టుకునే చోట ఆపాను. దీపావళికి ముందు మా ఆయన ప్రయాణం కట్టిన రోజున, రాతప్రతి మూట కట్టే ముందు అత్తకు చదివి వినిపించాను. పక్కింటి వాళ్లు చచ్చిపోయిన కబురు వింటున్నా రాట్నం ఆపే మనిషి కాదు ఆమె. కథలో మొగుడు వచ్చి వాకిట్లో నిలబడ్డ చోట రాట్నం ఆగింది. చదవడం అయిపోయినా తిరగలేదు.

"ఎట్లుంది?" అన్నాను.

"గామె ఇంటి తలుపుకు లోపటికెంచి గొళ్లెం ఉన్నదా?"

నేను రాయలేదు. మగ్గం గురించి, దీపం గురించి, చీర అంచు గురించి పేజీలు నింపాను కానీ గొళ్లెం సంగతే తోచలేదు. "ఉన్నది" అన్నాను. అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని ఒక వాక్యం చేర్చి ఇచ్చాను. రాట్నం మళ్లీ తిరిగింది.

కాగితం మాకే దక్కింది. కానీ పుస్తకం మాత్రం చలి తగ్గేదాకా రాలేదు. అప్పటిదాకా దారిన బండి చప్పుడైతే చాలు, వాకిట్లోకి ఉరికేదాన్ని. చివరికి మా ఆయన ఒక సాయంత్రం కట్ట దించాడు. నేను ముందు నా పేరు చూసుకున్నాను. మా అత్త చెయ్యి కొంగుకు తుడుచుకుని ఒక పుస్తకం అందుకుంది, అటూ ఇటూ తిప్పింది.

"గొళ్లెం ఏడున్నది?"

పేజీ తీసి, ఆమె వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టాను. చాలాసేపు వేలు తీయలేదు.

"గింత సన్నగున్నదా," అంది.

మర్నాడు పొద్దున్నే గంపలో పుస్తకాలు పెట్టుకుంది. నన్ను చెప్పులేసుకోమంది. మొదట కొండపాక పోదామంది.