మొకం కనబడేదాక

చాటింగ్ కొత్తగా వచ్చిన రోజులు. ఇంటర్ చదివే మా అమ్మాయి నన్ను ఇల్లందులో నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి, తన కొత్త స్నేహితురాలిని చూపించింది. తెరమీద మనిషి లేదు, గులాబీ బొమ్మ ఉంది. అప్పుడే దాని కింద ఒక మాట వచ్చింది: "రేపు బస్టాండుకు ఒక్కదానివే రా."

అమ్మాయిని తిట్టబోయి ఆగాను. చిన్నప్పుడు తెల్లవారుజాము మసకలో ఇప్పపూలు ఏరుతుంటే మా అమ్మ చెప్పిన మాటే నా నోట వచ్చింది.

"అడవిల ఎవరన్నా పేరు పెట్టి పిలుస్తే, మొకం కనబడేదాక పలకొద్దు బిడ్డా."

అమ్మాయి కాసేపు ఆ గులాబీనే చూసింది. తర్వాత టైప్ చేసింది: "అమ్మతోని వస్త. ముందు నీ మొకం చూపియ్యి."

అవతల మనిషి ఉన్నట్టు వెలుగుతున్న పచ్చచుక్క ఆరిపోయింది. ఆ ఇరుకు గదిలో నాకు ఇప్పపూల వాసన వచ్చినట్టనిపించింది.

ఆ రోజు నేను తిట్టి ఉంటే, తర్వాత వచ్చిన ఇలాంటి పిలుపుల సంగతి అమ్మాయి నాకు చెప్పేదే కాదు.