ప్రభుదాసు పంచిన పత్రిక

ఎల్లారెడ్డిలో ప్రభుదాసు చెయ్యి పడని కూలరు లేదు. ఇరవై రెండేళ్లుగా బస్టాండు పక్కన చిన్న షట్టరు తెరిచి, ఎండాకాలం కూలర్లూ ఏసీలూ, చలికాలం గీజర్లూ బాగుచేస్తున్నాడు. పనిలో దిట్ట. మనిషితో మాట్లాడాలంటే మాత్రం నేలచూపులు చూస్తాడు. చెడిపోయిన మోటారుతో అయితే గంటసేపు ముచ్చట పెడతాడు.

ఆ మధ్య కామారెడ్డిలో పెద్ద షోరూం వచ్చింది. వాళ్లు వారం వారం రంగురంగుల కాగితాలు పంచి సగం గిరాకీ లాగేసుకున్నారు. ప్రభుదాసుకు మిగిలిన పెద్ద దిక్కు సిద్దిరాములు ఫంక్షన్ హాలు, అందులోని పన్నెండు ఏసీలు. వాటి పని కూడా తమకివ్వమని షోరూం వాళ్లు తిరుగుతున్నారు. అదీ పోతే షట్టరు దించి, యాభై ఏళ్ల వయసులో హైదరాబాదు వెళ్లి ఎవరి కిందో పని చేయాలి. ఆ ఆలోచనకే అతనికి అన్నం సహించడం లేదు.

"సారూ, వాళ్ల లెక్క మనం గూడ నెలకో న్యూస్ లెటర్ రాసి పంచుదామా?" అని నా దగ్గరికి వచ్చాడు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఖాళీగా ఉన్న తెలుగు మాస్టారికి రాత పని అప్పగించడం ఎంత ప్రమాదమో పాపం అతనికి తెలియదు.

"న్యూస్ లెటర్ ఏంటయ్యా, చక్కగా పత్రిక అను" అన్నాను. అది నేను చేసిన మొదటి తప్పు.

కూలరు గడ్డి ఎప్పుడు మార్చాలి, ఏసీ నీళ్లు కారితే ముందు ఏం చూడాలి, అన్నీ అతను చెప్పాడు, నేను రాశాను. మార్చి రెండో శనివారం దుకాణం ముందు కూలర్లకు ఉచిత పరీక్ష ఉంటుందని చెప్పి, "బంధుమిత్ర సపరివారంగా విచ్చేయ ప్రార్థన" అని ముగించాను. పెండ్లి కార్డులే కొట్టే ప్రెస్సువాడు మిగిలిపోయిన పసుపు అట్టల మీద, అలవాటు కొద్దీ బంగారు అంచు పెట్టి అచ్చు వేశాడు.

ప్రభుదాసు ఇంటింటికీ తిరిగి చేతికిచ్చాడు. మాటలు రాని మనిషి కదా, ఒకటే ముక్క బట్టీ పట్టాడు. "అవ్వా, పత్రిక ఇద్దామని వచ్చిన. తప్పకుంట రావాలె."

"ఎవలిది బిడ్డా?" అంటే, "మనదే అవ్వా" అనేవాడు. ఇంట్లో డిగ్రీ చదివే కూతురు ప్రణీత ఉందని ఊరికంతా తెలుసు. ఇక చదివేదెవరు? పెండ్లి పత్రికలో తేదీ తప్ప మనం మాత్రం ఏం చూస్తాం?

సిద్దిరాములు లాంటి పెద్దమనిషి గుమ్మం ఎక్కడానికి అతనికి మొహమాటం. "ఆయనకు వాట్సాప్‌లో పంపు, హుందాగా ఉంటుంది" అన్నాను. అది రెండో తప్పు.

శనివారం షామియానా వేయించి, పానాలు, స్క్రూడ్రైవర్లు పరుచుకుని కూర్చున్నాడు. పదకొండింటికి, పత్రిక అందుకున్న యాదవ్వ పట్టుచీర కట్టుకుని, స్టీలు బిందె పట్టుకుని ఆటో దిగింది. "పిల్లేది?" అంది. ఆమె వెనక నలభై మంది. బాగుచేయించుకోవడానికి ఒక్కరూ కూలరు తేలేదు. ఒకాయన మాత్రం కొత్తది తెచ్చాడు. పెండ్లి కానుకట. కామారెడ్డి షోరూంలో కొన్నాడట.

"పెండ్లి గాదవ్వా, సర్వీసు క్యాంపు" అన్నాడు ప్రభుదాసు, ఏడుపు గొంతుతో.

"గదేందో నాకెర్కలేదు. పత్రికిచ్చినవ్, వచ్చినం. బువ్వ పెడ్తవా లేదా?"

ప్రభుదాసు భార్య ఉమారాణి నావైపు ఒక్క చూపు చూసి, లోపలికి వెళ్లి అందరికీ పప్పన్నం వండింది. ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

సాయంత్రానికి అసలు కబురు వచ్చింది. సిద్దిరాములు అలిగాడు, వాట్సాప్‌లో పిలుస్తారా అని. షోరూం వాళ్లను సోమవారం రమ్మన్నాడు. ప్రభుదాసు పానాలన్నీ సంచిలో సర్దేశాడు. నాకు నిజంగా సిగ్గేసింది. ఆదివారం చర్చి అయ్యాక ఆలుమగలిద్దరూ, వెనక దోషిలా నేనూ, పత్రిక పట్టుకుని హాలుకు వెళ్లాం.

ఆయన కూర్చోమనలేదు. "పెండ్లయినంక పత్రిక తెస్తరా?"

"పెండ్లి గాలేదన్నా."

"నలభై మంది తిన్నరంట. ఏ హాల్ల చేసినవ్?"

"షాపు ముంగట షామియానల..."

"నా హాలు ఖాళీగ వెట్టుకొని షామియానల చేస్తవా?" అసలు మంట ఎక్కడో అప్పుడర్థమైంది.

"అన్నా, జర సదువు. సదివినంక తిట్టు" అంది ఉమారాణి.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆ పత్రికకు మొదటి పాఠకుడు దొరికాడని నేను ఓ అడుగు ముందుకు జరిగాను. నీళ్లు కారే ఏసీ దగ్గర ఆగి, రెండుసార్లు చదివాడు. "పైపుల మట్టి పేరుకుంటె కారుతదా? నా మూడు ఏసీలు కారుతున్నయంటె, షోరూమోడు కొత్తయి కొనాలన్నడు."

ప్రభుదాసు కారుతున్న ఒక ఏసీ కిందికి స్టూలు లాగాడు. ఎక్కి, పైపు ఊడదీసి, నోటితో గట్టిగా ఊదాడు. మట్టంతా నా తెల్లచొక్కా మీద పడింది. కాసేపటికి నీళ్లు కారడం ఆగింది. మిగిలిన రెండూ అలాగే ఊదాడు. అవీ ఆగాయి.

సిద్దిరాములు ఫోను తీసి, సోమవారం రావద్దని షోరూం వాళ్లకు చెప్పాడు. స్టూలు మీదే నిలబడ్డ ప్రభుదాసు అంగీ భుజానికి కళ్లు తుడుచుకున్నాడు.

"పిల్లకు నిజంగ పెండ్లయినప్పుడు హాలు నాదే" అన్నాడు సిద్దిరాములు. తర్వాత నా చొక్కా వైపు చూశాడు. "పత్రిక మాత్రం గీ సారుతోని రాపియ్యకు."