కూర్చోబెట్టిన చెయ్యి

భవానీపురం చర్చిలో దీవెనమ్మ ఎప్పుడూ చివరి చాప మీదే కూర్చుంటుంది. తలమీది ముసుగు జారనివ్వదు. పాటలకు పెదవులు కదుపుతుందే గాని గొంతెత్తదు. పందొమ్మిది వందల డెబ్బై అయిదులో ఒక ఆదివారం, గ్రీకు చదువుకున్న అయ్యగారొకరు వచ్చి బైబిల్లో పౌలు సంఘానికి రాసిన ఉత్తరం, ఆ పత్రిక వివరించారు. "సంఘంలో ఆడవాళ్లు మాట్లాడకూడదన్నది పౌలు సొంత మాట కాకపోవచ్చు. గ్రీకు వక్తలు ఎదుటివాళ్ల వాదం ముందు చెప్పి, వెంటనే ఖండించేవారు. ఇదీ అలాంటిదేనని నాకు తోస్తుంది," అన్నారు.

ఆరాధన అయ్యాక దీవెనమ్మ ఆయన దగ్గరకొచ్చింది. "మా పిల్ల కృపావతి పదహారేళ్లప్పుడు సంఘం ముందు దేవుడి గురించి సాక్ష్యం చెబుతానని ఇక్కడే లేచిందండీ. ఆ వాక్యం గుర్తుచేసి, నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. నెల తిరక్కుండా కామెర్లతో పోయింది."

"ఏం చెప్పాలనుకుందమ్మా?"

"ఇంటికెళ్లాక కూడా అడగలేదండీ."